ముఖ్యమంత్రి పేరు ఏ పెట్టె మీదా లేదు

ఈసారి రాసేది కాస్త పొడుగు. కాఫీ కలుపుకుని కూర్చోండి.

సంఘం నియమావళి సవరణ నోటీసు అందరికీ అందే ఉంటుంది. ఇన్నాళ్లూ అధ్యక్షుడికి ఒక ఓటు, కార్యదర్శికి ఒక ఓటు, కోశాధికారికి ఒక ఓటు అని విడివిడిగా వేస్తూ వచ్చాం. ఇకమీదట పదిహేనుమంది కమిటీ సభ్యులను మాత్రం మనం ఎన్నుకుంటే, పదవులు వాళ్లలో వాళ్లే పంచుకుంటారట. రెండు వారాలుగా వాట్సాప్‌లో వాదన చూస్తున్నాను. "ముఖ్యమంత్రిని కూడా అలాగే కదా ఎన్నుకుంటున్నాం, మనకేం వచ్చింది?" అని ఒకరు. "అమెరికాలో అన్ని పదవులకీ జనమే ఓటేస్తారు" అని, అక్కడ కొడుకు ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చిన ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఆ రెండు పద్ధతులు నిజంగా ఎలా నడిచాయో చూడాలంటే 1950 ప్రాంతానికి పోవాలి. మన దేశంలో అందరికీ ఓటు వచ్చిన కొత్త రోజులవి.

ముందు అమెరికా సంగతి. అక్కడ గవర్నర్ అంటే మన గవర్నర్ లాంటివారు కాదు. రాష్ట్రానికి ఆయనే పాలకుడు, మన ముఖ్యమంత్రి లాగా. ఆయనను జనం నేరుగా ఎన్నుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అంతటితో ఆగరు. లెఫ్టినెంట్ గవర్నర్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, అటార్నీ జనరల్, ట్రెజరర్, కంట్రోలర్ లేదా ఆడిటర్, వీళ్లందరికీ వేరు వేరు ఓట్లు. 1950లో కాలిఫోర్నియాలో ఎర్ల్ వారెన్ అనే రిపబ్లికన్ మూడోసారి గవర్నరుగా గెలిచారు. ఓడిపోయింది ఎవరనుకున్నారు? ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కొడుకు జేమ్స్ రూజ్‌వెల్ట్. అదే రోజు, అదే జనం, అటార్నీ జనరల్ పదవికి మాత్రం డెమొక్రాట్ అయిన పాట్ బ్రౌన్‌ను గెలిపించారు. అంటే రాష్ట్రాన్ని నడిపే మనిషి ఒక పార్టీ, రాష్ట్రం తరఫున చట్టం చూసే మనిషి ఎదుటి పార్టీ. మన కళ్లకు ఇది ఒక బండికి రెండు దిక్కులకు ఎడ్లను కట్టినట్టు కనిపిస్తుంది. వాళ్లకు అది మామూలు.

ఇక మన బెంగళూరుకు వద్దాం. మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కె.సి.రెడ్డిగారు, కోలారు జిల్లా క్యాసంబళ్లికి చెందిన తెలుగింటి మనిషి. పూర్తి పేరు క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మైసూరులో మహారాజు పాలనే సాగుతుంటే 'మైసూరు చలో' ఉద్యమం నడిచింది. దాని ఒత్తిడికి మహారాజు దిగివచ్చారు. 1947 అక్టోబరు 25న రెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. గమనించండి, అప్పటికి అందరికీ ఓటు అనేదే లేదు. పోరాటం వల్ల వచ్చిన కుర్చీ అది, ఓట్ల పెట్టె వల్ల కాదు.

విధాన సౌధ ముందు నుంచి మనం వందసార్లు పోయుంటాం. దానికి 1951 జులై 13న నెహ్రూగారు శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి రెడ్డిగారే. అప్పుడు అనుకున్నది సాదా కట్టడం. ఈరోజు మనం చూస్తున్న గోపురాలు, స్తంభాలు, రాతి చెక్కడాలు తరువాత వచ్చిన కెంగల్ హనుమంతయ్యగారి పట్టుదల.

ఆ హనుమంతయ్యగారు వచ్చింది 1952 ఎన్నికలతో. అసెంబ్లీలో 99 సీట్లు. కాంగ్రెస్‌కు 74 వచ్చాయి. ఆ ఎన్నిక ఎలా జరిగిందో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మెషిన్ లేదు, చీటీ మీద ముద్ర వేయడం కూడా లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు తెర వెనక్కి పోయి తనకు ఇచ్చిన చీటీని నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేసి రావాలి. కాంగ్రెస్‌ది కాడెద్దుల గుర్తు. జనం కాడెద్దుల పెట్టెలు నింపారు. కానీ ముఖ్యమంత్రి పేరు ఏ పెట్టె మీదా లేదు. అది తేలింది గెలిచిన కాంగ్రెస్ సభ్యుల సమావేశంలో. మార్చి 30న రెడ్డిగారు దిగిపోయారు, హనుమంతయ్యగారు ఎక్కారు. జనం ఒకే పార్టీని గెలిపించారు, మనిషి మాత్రం మారిపోయాడు. రెడ్డిగారు ఢిల్లీ పోయి కేంద్రంలో ఉత్పత్తి శాఖ మంత్రి అయ్యారు, తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగా కూడా చేశారు. కోలారు వైపు మనవాళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు. బెంగళూరులో పుట్టిన మన పిల్లలకు ఆ పేరు తెలియదు.

హనుమంతయ్యగారి గతి కూడా అంతే అయింది. కన్నడ ప్రాంతాలన్నీ కలవాలని ఆయన అంటే, పాత మైసూరు ఎమ్మెల్యేల్లో చాలామందికి అది గిట్టలేదు. విధాన సౌధ ఖర్చు మీద గొడవ వేరే. 1956 ఆగస్టులో సొంత పార్టీవాళ్లే కాదన్నారు, ఆయన రాజీనామా ఇచ్చారు. విధాన సౌధ పూర్తి అయింది ఆ సంవత్సరమే. కట్టించిన మనిషికి ముఖ్యమంత్రిగా అందులో కూర్చునే యోగం లేకపోయింది. ఎన్నికలు జరగలేదు, ఓటర్లను ఎవరూ అడగలేదు. (మన రైల్వేవాళ్లకు ఇంకో సంగతి. 1971లో కేంద్రంలో రైల్వే మంత్రి అయింది ఈయనే.) తరువాత కడిదాళ్ మంజప్పగారు రెండున్నర నెలలు. నవంబరు 1న నిజలింగప్పగారు. 1958లో బి.డి.జత్తిగారు. 1962 ఎన్నికల్లో నిజలింగప్పగారు హొసదుర్గలో స్వయంగా ఓడిపోయారు. ఎస్.ఆర్.కంఠిగారిని మూడు నెలలు కుర్చీలో కూర్చోబెట్టి, ఈయన బాగలకోటె ఉప ఎన్నికలో గెలిచి వచ్చి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1952 నుంచి 1962 లోపల జనం ఓటు వేసింది మూడుసార్లు. కుర్చీలో కూర్చున్నది ఐదుగురు.

పక్కన మద్రాసులో ఇంకా పెద్ద తమాషా. 1952లో అక్కడ 375 సీట్లు, మన ఆంధ్ర జిల్లాలు కూడా అందులోనివే. కాంగ్రెస్‌కు 152 మాత్రం వచ్చాయి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారే ఓడిపోయారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిగారిని ఓడించింది సొంత బావమరిది, కమ్యూనిస్టు పార్టీ తరిమెల నాగిరెడ్డిగారు. ప్రకాశం పంతులుగారు మద్రాసు హార్బర్‌లో ఓడిపోయారు. అయినా కాంగ్రెసేతర పార్టీలన్నీ కూటమి కట్టి ఆయనను నాయకుడిగా పెట్టుకుని, మెజారిటీ మాదే అన్నాయి. గవర్నర్ శ్రీప్రకాశగారు వాళ్లను పిలవలేదు. పిలిచింది రాజాజీగారిని. రాజాజీగారు అసలు ఎన్నికల్లో నిలబడనే లేదు. ఆయనను శాసన మండలికి నామినేట్ చేసి, ఏప్రిల్ 10న ముఖ్యమంత్రిని చేశారు. ఎక్కడో ఒకచోట నిలబడి గెలిచి రండి అని నెహ్రూగారు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. జులైలో బలపరీక్ష పెడితే 200 ఓట్లు ఆయన వైపు, 151 ఎదుటి వైపు. అటు నుంచి కొందరిని ఇటు లాక్కున్న తరువాత వచ్చిన లెక్క ఇది.

ఇందులో నాకు వింతగా తోచేది ఒకటుంది. కుర్చీ నాది అన్న ఇద్దరిలో ఒకరు ఓడినవారు, ఇంకొకరు నిలబడనివారు. ఇద్దరూ మహానుభావులే, దేశం కోసం జైళ్లకు పోయినవారే. అయినా ఆ ఏడాది లైనులో నిలబడి చీటీ వేసి వచ్చిన మనిషి వేలికి అంటిన సిరాకు విలువెంత?

దీనికి జవాబు అదే కుర్చీలో తరువాత కూర్చున్నాయన చేతలతో ఇచ్చారు. నేను చదివింది తమిళ మీడియం, మా పుస్తకాల్లో కామరాజర్ అంటే మధ్యాహ్న భోజనం, బడులు. ఈ సంగతి మాత్రం పుస్తకంలో లేదు, రైల్వేలో చేరాక పెద్దవాళ్లు చెబితే విన్నాను. 1954 ఏప్రిల్‌లో రాజాజీగారు దిగిపోతే కామరాజర్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పుడాయన లోక్‌సభ సభ్యుడు, అసెంబ్లీలో లేరు. మండలి దారి ఆయనకూ తెరిచే ఉంది. ఆ దారిన పోలేదు. గుడియాత్తంలో ఉప ఎన్నిక వస్తే అక్కడ నిలబడ్డారు. బెంగళూరు నుంచి మద్రాసు బండిలో పోతే జోలార్‌పేట, ఆంబూరు దాటాక వస్తుంది గుడియాత్తం. ఆయన పుట్టిన విరుదునగర్‌కు, దీనికి ఏ సంబంధమూ లేదు. తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్న ఊరు. కమ్యూనిస్టులు పోటీ పెట్టారు. కాంగ్రెస్‌ను రోజూ తిట్టే డి.ఎం.కె.వాళ్లు మాత్రం ఆయనకు మద్దతు ఇచ్చారు. ఆయన గెలిచి వచ్చారు. చట్టం దృష్టిలో రాజాజీ ముఖ్యమంత్రే, కామరాజూ ముఖ్యమంత్రే. రెండో ఆయన ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకున్నారు, అంతే తేడా. నాకైతే ఆ తేడా చిన్నది కాదు.

సరే, అయితే అమెరికా పద్ధతే మంచిదా? తొందరపడకండి. అక్కడ జార్జియా రాష్ట్రంలో 1946 నవంబరులో యూజీన్ టాల్మడ్జ్ అనే ఆయనను గవర్నరుగా ఎన్నుకున్నారు. పదవి చేపట్టక ముందే డిసెంబరులో ఆయన చనిపోయారు. జనవరిలో శాసనసభవాళ్లు ఆయన కొడుకు హెర్మన్‌ను గవర్నర్ అన్నారు. లెఫ్టినెంట్ గవర్నరుగా జనం ఎన్నుకున్న థాంప్సన్, ఆ పదవి నాకు రావాలి అన్నారు. పాత గవర్నర్ ఆర్నాల్, ఇది తేలేదాకా నేను కదలను అన్నారు. ఒక రాష్ట్రం, ముగ్గురు గవర్నర్లు. సర్కారు కాగితాలకు వేసే రాజముద్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ బెన్ ఫోర్ట్‌సన్ దగ్గర ఉండేది. ఆయన నడవలేరు, చక్రాల కుర్చీ. ముద్రను ఆ కుర్చీ దిండు కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నారు, ఎవరికీ ఇవ్వలేదు. మార్చి 1947లో అక్కడి సుప్రీంకోర్టు థాంప్సన్‌దే పదవి అని తేల్చింది.

ఈ కథ చెబితే చాలామంది ముగ్గురు గవర్నర్లను చూసి నవ్వుతారు. నేను చూసేది ఫోర్ట్‌సన్‌ను. గవర్నర్ దయతో వచ్చిన ఉద్యోగం అయితే ముద్ర మొదటి రోజే చేతులు మారేది. ఆ పదవి జనం ఓటుకు పెట్టినది కాబట్టి, ముగ్గురిలో ఎవరూ ఆయనను పీకేయలేకపోయారు.

కమిటీ చేతిలో పెట్టినా గ్యారంటీ లేదని మన ఆంధ్ర రాష్ట్రమే చూపింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది, ప్రకాశంగారు ముఖ్యమంత్రి. పదమూడు నెలలకు, మద్యనిషేధం గొడవలో, ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన, మళ్లీ ఎన్నికలు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. పడగొట్టడానికి వీలు ఉండటం కూడా ఒక సౌకర్యమే. నేరుగా ఎన్నికైన మనిషి సరిగా పనిచేయకపోతే గడువు తీరేదాకా భరించాలి. మన సంఘంలో అలా భరించిన సంవత్సరాలు మీకూ గుర్తున్నాయి, పేర్లు వద్దు.

అందుకని నేను ఈ సవరణను పూర్తిగా కాదనడం లేదు. అధ్యక్షుడు, కార్యదర్శి, వీళ్లను కమిటీ ఎన్నుకోనివ్వండి. పని జరగాలంటే కమిటీకి, వాళ్లకు పొత్తు కుదరాలి. కుదరకపోతే కమిటీయే మార్చుకుంటుంది. కానీ కోశాధికారిని మాత్రం సభ్యులందరూ విడిగా ఎన్నుకోవాలి. పద్దులు చూసే ఆడిటర్‌ను కూడా సర్వసభ్య సమావేశమే నియమించాలి, కమిటీ కాదు.

ముప్పైయేళ్ల పైన బుకింగ్ కౌంటర్‌లో, పార్శిల్ ఆఫీసులో లెక్కలు రాసినవాణ్ణి. రోజు కలెక్షన్ స్టేషన్‌లోనే లెక్క కడతాం, సంచిలో వేసి సీలు వేస్తాం. దాన్ని తనిఖీ చేయడానికి వచ్చే టి.ఐ.ఏ. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ మనిషి. స్టేషన్ మాస్టరుకు ఆయన మీద ఏ అధికారమూ ఉండదు. స్టేషన్ మాస్టర్ దొంగ అని కాదు ఆ ఏర్పాటు, చాలామంది దేవుడి లాంటివాళ్లు. డబ్బు వాడే చెయ్యి, డబ్బు లెక్కపెట్టే చెయ్యి ఒకే భుజానికి ఉండకూడదని. కాలిఫోర్నియావాళ్లు కంట్రోలర్‌కు వేరే ఓటు పెట్టుకున్నదీ ఇందుకే అని నా ఉద్దేశం. కొత్త సవరణలో కోశాధికారి, అధ్యక్షుడు దయతలిస్తే ఉండే మనిషి అవుతాడు. కల్యాణ మండపం కట్టడానికి డబ్బు పోగుచేస్తున్న ఈ సమయంలో అది నాకు నచ్చలేదు.

సవరణకు సవరణ ఒకటి ఇంగ్లీషులోనూ, తెలుగులోనూ రాసి పెట్టాను. సర్వసభ్య సమావేశంలో పెట్టాలంటే పదిమంది సంతకాలు కావాలి. నాది కాక ఇప్పటికి నాలుగు వచ్చాయి. ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు సంఘం ఆఫీసులో ఉంటాను. ఒప్పుకోనివాళ్లు కూడా రండి, వాదించుకుందాం.