గళ్ళకు అందని నీరసం

బలం లేకపోవడం, మూడక్షరాలు అని ఆధారమిస్తే గళ్ళనుడికట్టు అలవాటున్నవాళ్ళ పెన్సిలు ముందు 'నీరసం' దగ్గర ఆగుతుంది. నిలువు పదంతో కుదరకపోతే నిస్త్రాణ, దౌర్బల్యం. నాలుగు గడులైతే నిస్సత్తువ, అశక్తత. సంగారెడ్డి పక్కన కందిలోనో, పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేటు దగ్గరో జ్వరం నుంచి లేచిన మనిషి మాత్రం వీటిలో ఒక్కటీ అనడు. 'శాతనైతలేదు' అంటాడు, 'తాకత్ లేదు' అంటాడు, పక్కింటాయన 'కమ్జోర్ అయిండు' అంటాడు. ఈ మాటలు గళ్ళలో సాధారణంగా కనపడవు. తప్పు గళ్ళు కూర్చినవాళ్ళది కాదు, వాళ్ళ చేతిలోని నిఘంటువులదని నా వాదన.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేయించిన ఆట మనదాకా వచ్చేసరికి గడికి ఒక అక్షరం అన్న పద్ధతి స్థిరపడింది. ఆరుద్ర దానికి గళ్ళనుడికట్టు అని చక్కటి పేరు పెట్టాడు. ఆటకు తీర్పరి నిఘంటువు. ఆ తీర్పరి పుట్టుకే చూడండి. 1850ల తొలినాళ్ళలో తన పెద్ద నిఘంటువులు వెలువరించిన బ్రౌను, కచేరీల్లో నలిగే హిందూస్తానీ, పారసీ మాటలను 1854లో మిశ్రభాషా నిఘంటువని వేరే సంపుటంలోకి తోశాడు. కనీసం పోగుచేశాడు, అది ఆయన గొప్పతనం. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరానికి ప్రమాణం కావ్యాలు. 1936లో తొలి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక ఉన్నది గ్రాంథికవాదుల ఆంధ్రసాహిత్య పరిషత్తు. ఈ పనులన్నీ మద్రాసు వైపు సాగుతున్నప్పుడు సంగారెడ్డి, పటాన్‌చెరులున్న మెదకు సీమ నిజాం రాజ్యంలో ఉంది. కచేరీలో మొదట పారసీ, తర్వాత ఉర్దూ, 1918 నుంచి ఉస్మానియాలోనూ ఉర్దూయే. ఆ సీమ నోటిమాట అచ్చు నిఘంటువుకు చేరే దారే సన్నం.

తాకత్, కమ్జోర్ తెలుగు కావు కదా అనవచ్చు. జిల్లా, దస్తావేజు, వకీలు గళ్ళలో దర్జాగా కూర్చుంటున్నప్పుడు ఈ అభ్యంతరం నిలవదు. పైగా శాతనగుడు అచ్చతెలుగు, చేతనగుకు తోబుట్టువు. సంస్కృతపు దౌర్బల్యం కన్నా దానికే తెలుగుతనం ఎక్కువ. పటాన్‌చెరు కార్ఖానాలకు బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కూలీల హిందీ ఇప్పుడు తాకత్‌కు కొత్త ఊపిరి పోస్తున్నదే తప్ప, ఆ మాటను తెచ్చింది వాళ్ళు కాదు.

రెండో అభ్యంతరం గట్టిది. యాస మాటకు రాత స్థిరంగా ఉండదు, ఇద్దరు రెండు రకాలుగా నింపితే బహుమతి ఎవరికి? తాకత్ చివరి పొల్లుకు విడిగా గడి ఇవ్వాలా, తాకతు అని అజంతం చేయాలా? నిజమైన చిక్కే. అయితే 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చువేసిన, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలోని వ్యవసాయ వృత్తి పదకోశం ఏ ప్రాంతపు రూపాన్ని ఆ ప్రాంతం పేరుతోనే నమోదు చేసింది. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం కూడా వచ్చింది. ఇక ప్రమాణం లేదనడానికి వీల్లేదు. అడ్డం ఆరు గడులు, ఆధారం 'అశక్తత (తెలంగాణ)', జవాబు శాతకానితనం.