బాలల మధుమేహము: కొలత నేర్చిన కథ

గోదావరికి వరదలు వచ్చు దినములలో డెల్టాలోని ప్రతి యింటను వినబడు ప్రశ్న యొక్కటే: ధవళేశ్వరమున నీటిమట్టమెంత? 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఆ అంకెను విని లంకలవారు పశువులను మెరకకు తోలుకొందురు. నది పొంగక మానదు. కాని మట్టము తెలిసినవారికి వ్యవధి చిక్కును. మధుమేహము గల బిడ్డ యున్న యింట ఇట్టి ప్రశ్నయే ప్రతిదినము పుట్టుచుండును: రక్తములో చక్కెర మట్టమెంత? దానికి ఇంటిలోనే సమాధానము చెప్పుకొనగలుగుటకు మానవునకు చాల కాలము పట్టినది. ఆ కథయే ఈ ప్రసంగమునకు విషయము.

ఈ వ్యాధి మన దేశమునకు క్రొత్తది కాదు. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను ప్రాచీన వైద్యులు గమనించిరి. సుశ్రుత సంహిత ప్రమేహమును రెండు విధములుగా విభజించినది: పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యము వలన వచ్చునది వేరొకటి. మొదటి రోగి కృశించి దప్పికతో బాధపడుననియు, రెండవవాడు స్థూలకాయుడై అధికముగ భుజించుననియు అందు కలదు. నేటి విభజనతో ఇది అచ్చముగ సరిపోదు. అయినను రోగులందరు ఒక్క తీరువారు కారను గుర్తింపు అందున్నది. పిల్లలలో ఎక్కువగా కనబడునది నేటి వైద్యులు టైపు 1 అని పిలుచు రకము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, క్లోమములో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములను నశింపజేయును. బిడ్డ తీపి తినుట వలనగాని, తల్లి పెంపకపు లోపము వలనగాని ఇది రాదు.

1922కు పూర్వము ఈ బిడ్డలను బ్రతికించు మందు లేదు. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుడు ఆహారమును కడు మితము చేసి ప్రాణమును కొంతకాలము నిలుపుచుండెను. బిడ్డలు ఆకలిచే ఎముకల గూళ్లగుచుండిరి. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున, మెక్లాయిడ్ ప్రయోగశాలలో, బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమసారమును తీసి కుక్కలపై పరీక్షించిరి. 1922 జనవరి 11వ తేదీన లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు అట్టి సారమును సూదిమందుగ ఇచ్చిరి, ఫలము స్వల్పము. కాలిప్ అను రసాయనజ్ఞుడు శుద్ధిచేసిన మందును జనవరి 23న ఇచ్చినప్పుడు చక్కెర దిగివచ్చెను. మరణమున కెదురుచూచుచున్న ఆ బాలుడు మరి పదమూడేండ్లు జీవించెను. పేటెంటు హక్కును తలకొక డాలరునకు టొరంటో విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి.

ప్రాణము నిలిచెను గాని క్రొత్త చిక్కు పుట్టెను. మందు చాలనిచో చక్కెర పెరుగును. మించినచో చక్కెర పడిపోయి బిడ్డకు చెమటలు పట్టి, వణకు పుట్టి, స్మృతి తప్పును. కావున మందుతోపాటు కొలతయు కావలసివచ్చెను. ఆటో ఫోలిన్, చైనా దేశీయుడైన షియెన్ వూ అనువారు 1920లో ప్రకటించిన పద్ధతి ఆస్పత్రులకు ఆధారమయ్యెను. రక్తమును రసాయనములతో కలిపి, ఏర్పడు నీలివర్ణపు గాఢతను బట్టి చక్కెరను లెక్కకట్టుట దాని సూత్రము. ఆ ఫోలిన్ అధ్యక్షతలోని హార్వర్డు జీవరసాయన శాఖలోనే, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసెను. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వరపు కొలతయు నీలివర్ణమును బట్టి చేయునదియే. సుబ్బారావు మధుమేహముపై పనిచేసెనని చెప్పుట లేదు. కంటికి కనబడని పదార్థమును రంగుగా మార్చి అంకెలోనికి తెచ్చు విద్యలో మన డెల్టా బిడ్డకును భాగమున్నదని మాత్రమే చెప్పుచున్నాను.

అయితే ఆ పరీక్ష ఆస్పత్రిలోనిది. ఇంటిలో మిగిలినది మూత్రపరీక్ష. బెనెడిక్టు ద్రావణముతో కలిపి పరీక్షనాళికలో కాచినచో నీలిరంగు ఆకుపచ్చగను, పసుపుగను, తుదకు ఇటుకరంగుగను మారును. కాని రక్తములో చక్కెర 100 మిల్లీలీటర్లకు ఇంచుమించు 180 మిల్లీగ్రాములు దాటిననేగాని మూత్రములోనికి దిగదు. అది గడచిన గంటల కబురే చెప్పును. చక్కెర పడిపోవుటను చెప్పనే చెప్పదు. 1970వ దశాబ్ది చివరినుండి వ్రేలికొన రక్తపు బొట్టుతో ఇంటిలో చూచుకొను పరికరములు వ్యాపించెను. 1968లో ఇరాన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రాహ్‌బార్ మధుమేహ రోగుల రక్తములో గుర్తించిన హీమోగ్లోబిన్ మార్పు, రెండు మూడు మాసముల సగటును తెలుపు పరీక్షకు దారితీసెను. అమెరికా, కెనడాలలో 13 మొదలు 39 ఏండ్ల వయసుగల 1441 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 1993లో వెలువడెను. చక్కెరను సన్నిహితముగ అదుపుచేసినవారిలో కంటిజబ్బు క్రొత్తగ వచ్చుట 76 శాతము తగ్గెను. తీవ్రముగ చక్కెర పడిపోవుట మాత్రము మూడింతలయ్యెను. కొలత యేల నిత్యము కావలెనో ఈ రెండు ఫలితములు కలిసి చెప్పుచున్నవి.

మన యిండ్లలో ఈ మట్టమును కదలించునవి యెవ్వి? మూడు పూటల అన్నము తినుచోట గిన్నె కొలత మారినచో చక్కెరయు మారును. ఆటలచే చక్కెర దిగును. ఒక్కొక్కప్పుడు ఆ రాత్రికిగాని దిగదు. జ్వరము వచ్చినప్పుడు తిండి తగ్గినను చక్కెర పెరుగవచ్చును. అప్పుడు సూది పూర్తిగ మానరాదు. యౌవనారంభమున ఎదుగుదలకు తోడ్పడు స్రావములు మందు బలమును తగ్గించును. ఒక్కచోటనే పొడిచినచో గడ్డకట్టి మందు సరిగ ఎక్కదు. 40 బలము సీసాకు 100 బలపు సిరంజి వాడినచో మోతాదు తప్పును. రోహిణికార్తె యెండలకు మందు చెడును. ఐసు పెట్టె లేని యింట తడిమట్టి కుండ కొంత రక్షణ నిచ్చును. సూది మాన్పింతుమనువారి మాట నమ్మి మానినచో కొలది దినములలోనే బిడ్డ ప్రాణమునకు ముప్పు వచ్చును.

ఇవన్నియు కాక మరియొకటి కలదు. పండుగనాడు చాటుగ అరిసె తిన్న బిడ్డను, అంకె పెరిగినదని దండించినచో, ఆ బిడ్డ మరునాటినుండి అబద్ధపు అంకె చెప్పుట నేర్చును. మట్టము దాచిన వరద ఊరిని ముంచునుగదా! ధవళేశ్వరపు అంకెను విని మనమెవ్వరము నదిని తిట్టము, గట్టు చూచుకొందుము. బిడ్డ చెప్పిన అంకెను గూడ అట్లే విని, తరువాతి పూటకు చేయవలసినది బిడ్డతో కలిసి ఆలోచింపవలెను. నూరేండ్లు శ్రమించి శాస్త్రజ్ఞులు మన యింటికి తెచ్చిన కొలత అప్పుడే బిడ్డకు ఉపకరించును.