ప్రమేయము నుండి ప్రమేయము

గణితములో ప్రమేయ మనగా సామాన్యముగా ఒక సంఖ్యను గ్రహించి మరొక సంఖ్య నిచ్చు నియమము. సంఖ్యకు బదులు అది మరొక ప్రమేయమునే ఈయరాదా? ఈయవచ్చునని 1920లో గోటింగెన్ నగరమున మోసెస్ షోన్‌ఫింకెల్ తన ఉపన్యాసములో చూపెను. అది 1924లో అచ్చయినది.

సంకలనమునే తీసికొందము. దానికి 5 మాత్రమే ఇచ్చినచో ‘5 కలుపుము’ అను క్రొత్త ప్రమేయము లభించును. దీనికి 3 ఇచ్చిన 8 వచ్చును. ఈ భావమును పెంపొందించిన అమెరికా తార్కికుడు హాస్కెల్ కర్రీ పేరిట దీనిని ‘కర్రీయింగ్’ అందురు.

కాగితముపై సులభమైన ఈ పని యంత్రముపై చిక్కు తెచ్చినది. 1958లో జాన్ మెకార్తీ ప్రారంభించిన లిస్ప్ భాష తొలి రూపములో, పుట్టిన ప్రమేయము తన 5ను మరచెడిది. ఆ 5కు పెట్టిన పేరుకే, ప్రమేయమును వాడుచోట 10 అను విలువ ఉన్నచో, 8కి మారుగా 13 వచ్చెడిది!

ప్రమేయముతో పాటు అది పుట్టినచోటి విలువలను కూడ మూటకట్టి యుంచవలెనని 1964లో పీటర్ లాండిన్ వివరించి, ఆ మూటకు ‘క్లోజర్’ అని పేరిడెను. 1975లో సస్‌మన్, స్టీల్ అనువారు రూపొందించిన స్కీమ్ భాష ఈ మార్గమునే అనుసరించినది. నేటి పైథాన్, జావాస్క్రిప్టు భాషలలోను ప్రమేయము తన పుట్టినింటి సొత్తును వెంట తెచ్చుకొనుచున్నది.