శ్రీరాంపూర్: జనాభా పట్టికలో పేరు లేని ఊరు

అమెరికాలోని ఏ చిన్న పల్లెటూరి సంగతి వెతికినా వివరాలు ఒకే మూసలో దొరుకుతాయి. అక్షాంశ రేఖాంశాలు, చదరపు మైళ్లలో వైశాల్యం, ఫలానా గణన నాటికి ఇంతమంది జనం, ఇన్ని కుటుంబాలు. ఊరి పేరు, ఎల్లలు, లెక్క ఒకదానితో ఒకటి సరిపోతాయి. మన శ్రీరాంపూర్‌ను ఆ మూసలో పోయడం సాధ్యం కాదు. ఎందుకు కాదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మనవి. పెద్దపల్లి జిల్లాలో మండల కేంద్రమైన శ్రీరాంపూర్ వేరు. ఇది మంచిర్యాల పక్కన, గోదావరికి ఉత్తరాన ఉన్న బొగ్గుబాయిల శ్రీరాంపూర్. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా వస్తాయి. ఇందారం దగ్గర వంతెన దాటితే గోదావరిఖని. ఈ వరుసను నిర్ణయించింది ఏరూ కాదు, బాటా కాదు. 25 కోట్ల ఏళ్లకు పూర్వం ప్రాణహిత-గోదావరి లోయలో ఏర్పడిన గోండ్వానా బొగ్గు పొరలు. తెలుగు నేలలో తక్కిన ఊళ్లకు చెరువో, గుడో, కోటో ఆధారమైతే ఈ ఊళ్ల ఆధారం భూమి లోపల ఉన్నది.

1871-72 ప్రాంతంలో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కాయి. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1920ల చివర తవ్వకం బెల్లంపల్లికి చేరింది. 1929లో కాజీపేట-బల్హార్షా రైలు మార్గం పూర్తయింది. ఆపై గనులు దక్షిణానికి సాగాయి. 1960 ప్రాంతంలో గోదావరి అవతల రామగుండంలోనూ బాయిలు తెరుచుకున్నాయి.

ఇక పేర్ల చిక్కు. జనం శ్రీరాంపూర్ అంటారు. 2011 జనాభా గణనలో కనిపించేవి నస్పూర్, సింగాపూర్, తాళ్లపల్లి, తీగల్‌పహాడ్. జనం రామకృష్ణాపూర్ అంటే కాగితం క్యాతన్‌పల్లి అంటుంది. జనం గోదావరిఖని అంటే కాగితం రామగుండం అంటుంది. కాగితంలోనిది పాత రెవెన్యూ గ్రామం; జనం నోట ఉన్నది కంపెనీ కాలనీ. 2018లో నస్పూర్ పురపాలక సంఘమైంది. 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఈ రెండు మార్పుల్లోనూ శ్రీరాంపూర్ పేరుకు చోటు దక్కలేదు.

పేరు సంగతి అలా ఉండగా, అసలు ఆందోళన జనసంఖ్యది. బెల్లంపల్లి జనాభా 2001లో సుమారు 66 వేలు. 2011లో సుమారు 55 వేలు. మందమర్రి అదే కాలంలో 66 వేల నుంచి 52 వేలకు దిగింది. దేశమంతటా పట్టణాలు పెరుగుతున్న దశాబ్దమది. ఇక్కడ వరద రాలేదు, కరవు రాలేదు. పాత గనులు మూతపడ్డాయి, నియామకాలు తగ్గాయి, స్వచ్ఛంద పదవీ విరమణలు జరిగాయి. భూగర్భ గనికి మనుషులు ఎక్కువ కావాలి. ఓపెన్‌కాస్టుకు యంత్రాలు, భూమి ఎక్కువ కావాలి. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగులు నేడు 40 వేల చిల్లర. మస్టరులో ఒక పేరు తగ్గితే ఒక క్వార్టరు, దాని వెంట బడిలో ఇద్దరు పిల్లలు, అంగట్లో ఒక ఖాతా తగ్గుతాయి.

అమెరికాలోనూ ఇటువంటి ఊరు ఒకటున్నది. పెన్సిల్వేనియాలోని సెంట్రేలియాలో 1962లో భూగర్భంలోని బొగ్గుకు నిప్పంటుకున్నది. 1980లో వెయ్యి మంది ఉన్న ఆ ఊళ్లో 2020 గణన నాటికి మిగిలినవారు అయిదుగురు. ఆ ఊరి క్షయం ప్రతి పదేళ్లకూ దాని పేరుతోనే నమోదైంది.

శ్రీరాంపూర్‌కు ఆ వీలు లేదు. 2021లో జరగవలసిన మన గణన జరగలేదు. తదుపరి గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అప్పుడు వచ్చే అంకె మంచిర్యాల నగరపు మొత్తంలో కలిసి పెరుగుదలగానే కనిపించవచ్చు. కాలనీలు ఖాళీ అవుతున్నాయో నిండుతున్నాయో ఆ మొత్తం చెప్పదు. బడులూ, ఆసుపత్రులూ, తాగునీరూ ఆ అంకెలను బట్టే వస్తాయి గనుక ఇది చిన్న విషయం కాదు.

బాయిల మీద పుట్టి పెరిగిన చదువరులెవరైనా ఉంటే, తమ కాలనీని ఏ గని కోసం, ఏ యేట కట్టారో, ఇప్పుడు అందులో ఎవరుంటున్నారో రాసి పెట్టవలసిందిగా కోరుతున్నాను.