విజయనగర సామ్రాజ్య సైనిక వ్యవస్థ

విజయనగర సామ్రాజ్యంలో (1336 - 1646) సైన్యానికి సర్వాధిపతి చక్రవర్తి. సైన్యంలో ప్రధానంగా రెండు భాగాలుండేవి. ఒకటి చక్రవర్తి నేరుగా జీతమిచ్చి పోషించే సైన్యం, రెండవది అమరనాయకులు సమకూర్చే సైన్యం.

అధికార క్రమం

సైనిక శాఖను కందాచారము అనేవారు. దీని నిర్వహణ దండనాయకుని బాధ్యత. దండనాయక బిరుదు కలవారు పరిపాలనా పదవులు కూడా నిర్వహించేవారు. దుర్గాల రక్షణకు ప్రత్యేకంగా అధికారులుండేవారు. దుర్గాలను విశ్వాసపాత్రులైన బ్రాహ్మణులకు అప్పగించాలని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో సూచించాడు.

రాజు సొంత సైన్యం

6,000 మంది ఆశ్వికులతో సహా 50,000 మంది సైనికులు రాజు వద్ద ఎల్లప్పుడూ జీతంపై ఉండేవారని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. రెండవ దేవరాయలు బహమనీల విలుకాండ్ర నైపుణ్యాన్ని గమనించి ముస్లిములను సైన్యంలో చేర్చుకున్నాడు. వారు వందనం చేయడానికి వీలుగా సింహాసనం ముందు ఖురాన్ ఉంచాడని ఫెరిష్తా పేర్కొన్నాడు. మేలుజాతి గుర్రాలు అరేబియా, పర్షియాల నుండి పశ్చిమ తీరపు రేవుల ద్వారా వచ్చేవి.

అమరనాయకులు

సైనిక సేవకు ప్రతిఫలంగా చక్రవర్తి ఇచ్చిన భూమి అమరము. దానిని పొందిన నాయకుడు నిర్ణీత సంఖ్యలో కాల్బలాన్ని, గుర్రాలను, ఏనుగులను పోషించి, రాజుకు కప్పం చెల్లించాలి. విధి తప్పితే భూమిని స్వాధీనం చేసుకునేవారు. నాయకుని తరఫున స్థానాపతి రాజధానిలో ఉండేవాడు. అచ్యుతదేవరాయల కాలంలో నాయకులు 6,00,000 కాల్బలాన్ని, 24,000 గుర్రాలను పోషించవలసి ఉండేదని న్యూనిజ్ లెక్క. ఇటువంటి సంఖ్యలలో అతిశయోక్తి ఉందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

యుద్ధంలో నాయకత్వం

యుద్ధంలో ప్రతి నాయకుడు తన దళాన్ని తానే నడిపేవాడు. అందువలన ఈ దళాలన్నిటినీ కలిపి ఉంచే శక్తి చక్రవర్తి స్వయంగా రణరంగంలో ఉండడమే. 1520లో రాయచూరు యుద్ధంలో బీజాపూరు ఫిరంగుల ధాటికి ముందు వరుస చెదరగా, కృష్ణదేవరాయలు స్వయంగా ముందుకు వచ్చి సేనను నిలబెట్టి విజయం సాధించాడు. 1565లో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు పట్టుబడి వధింపబడగానే అంత పెద్ద సైన్యమూ చెల్లాచెదరయింది. అతని సోదరుడు తిరుమలరాయలు సదాశివరాయలను, ధనరాశులను తీసుకొని పెనుకొండకు తరలిపోయాడు.

పర్యవసానం

సైనికులు తమను పోషించే నాయకునికే విధేయులు కావడం ఈ వ్యవస్థలోని ప్రధాన లోపం. రాజు బలవంతుడైనంతకాలం ఇది బయటపడలేదు. 1565 తరువాత కేంద్రం బలహీనపడగా మధుర, తంజావూరు, జింజి నాయకులు క్రమంగా స్వతంత్రులయ్యారు.