894 పేర్ల జాబితా: నైజీరియా ఎబోలాను కట్టడి చేసిన తీరు

ఆఫ్రికా ఖండంలో అత్యధిక జనాభా గల నైజీరియాలోకి 2014 జులై 20న ఎబోలా వైరస్ ప్రవేశించింది. సరిగ్గా మూడు నెలలకు, అక్టోబర్ 20న, ఆ దేశం ఎబోలా నుంచి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ మధ్యకాలంలో 20 మంది వ్యాధిగ్రస్తులు కాగా, వారిలో 8 మంది మరణించారు. అదే వ్యాధి గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలలో 2016 నాటికి 11,300 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అప్పటికి ఆమోదం పొందిన టీకా గాని, ప్రత్యేక ఔషధం గాని లేవు. అయినప్పటికీ లాగోస్ వంటి కిక్కిరిసిన మహానగరంలో వ్యాధిని ఎలా అదుపు చేయగలిగారన్నది ప్రజారోగ్య రంగం నేటికీ అధ్యయనం చేస్తున్న విషయం.

వ్యాధి స్వభావం

ఎబోలా రక్తస్రావ జ్వరాల కోవకు చెందిన వైరస్ వ్యాధి. 1976లో నాటి జైర్, సూడాన్ దేశాలలో దీనిని తొలిసారి గుర్తించారు. జైర్‌లో వ్యాధి ప్రబలిన గ్రామానికి సమీపంలోని ఎబోలా నది పేరే దీనికి స్థిరపడింది. జ్వరం, తీవ్రమైన నీరసం, కండరాల నొప్పులతో మొదలై వాంతులు, విరేచనాలకు దారితీస్తుంది. కొందరిలో శరీరం లోపల, వెలుపల రక్తస్రావం జరుగుతుంది. సగటున రోగులలో సగం మంది మరణిస్తారు.

అయితే ఈ వైరస్‌కు రెండు పరిమితులు ఉన్నాయి. రోగి రక్తం, వాంతి వంటి శరీర ద్రవాలను తాకినప్పుడే ఇది ప్రధానంగా సోకుతుంది. లక్షణాలు బయటపడక ముందు రోగి నుంచి ఇతరులకు వ్యాపించదు. వైరస్ సోకిన 2 నుంచి 21 రోజుల లోపు లక్షణాలు కనిపిస్తాయి. అందువల్ల రోగిని తాకిన ప్రతి ఒక్కరినీ గుర్తించి 21 రోజుల పాటు కనిపెట్టుకుని ఉంటే వ్యాప్తి గొలుసు తెగుతుంది. సూత్రం సులభమే. ఆచరణే కఠినం.

ఆసుపత్రిలో తొలి అడ్డుకట్ట

లైబీరియా నుంచి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడు లాగోస్ విమానాశ్రయంలో తీవ్ర అస్వస్థతకు గురయ్యాడు. ఆ రోజుల్లో ప్రభుత్వ వైద్యులు సమ్మెలో ఉన్నందున అతనిని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తరలించారు. ఎబోలా రోగులతో తనకు ఎటువంటి సంబంధం లేదని అతడు చెప్పాడు. మొదట మలేరియాగా భావించి చికిత్స ప్రారంభించారు. సీనియర్ వైద్యురాలు అమేయో స్టెల్లా అడాడెవో రోగిని పరీక్షించి ఎబోలా కావచ్చునని అనుమానించారు. రోగిని పంపివేయాలని ఒత్తిళ్లు వచ్చినా ఆమె అంగీకరించలేదు. పరీక్షలలో ఆమె అనుమానమే నిజమైంది. జులై 25న రోగి మరణించాడు. అతనికి సేవలందించిన సిబ్బందిలో పలువురికి అప్పటికే వైరస్ సోకింది. డాక్టర్ అడాడెవో కూడా ఆగస్టు 19న కన్నుమూశారు. ఆ రోగి నగరంలోకి వెళ్లి ఉంటే కాంటాక్టుల జాబితా తయారు చేయడమే దుస్సాధ్యమయ్యేది.

పోలియో అనుభవం

నైజీరియా అప్పటికే పోలియో నిర్మూలనకు అత్యవసర కార్యాచరణ కేంద్రాన్ని నెలకొల్పుకుంది. ఇంటింటికీ తిరగడంలో అనుభవం గడించిన ఆ వ్యవస్థను, అందులోని నిపుణులను ప్రభుత్వం వెంటనే ఎబోలా కట్టడికి మళ్లించింది. మొత్తం 894 మంది కాంటాక్టులను గుర్తించారు. ఆరోగ్య కార్యకర్తలు వారిని స్వయంగా కలుసుకుని జ్వరం, ఇతర లక్షణాలు ఉన్నవీ లేనివీ పరిశీలించేవారు. ఇటువంటి సందర్శనలు దాదాపు 18,500 జరిగాయి. లక్షణాలు కనిపించిన వారిని ఐసోలేషన్ వార్డుకు తరలించారు.

చేజారిన ఒక్క వ్యక్తి

జాబితాలోని ఒక్కరు చేజారినా ఏమవుతుందో పోర్ట్ హార్‌కోర్ట్ నగరం నిరూపించింది. తొలి రోగి కాంటాక్టులలో ఒకరు పర్యవేక్షణను తప్పించుకుని లాగోస్ నుంచి ఆ నగరానికి చేరి, ఒక ప్రైవేటు వైద్యుని వద్ద రహస్యంగా చికిత్స పొందాడు. ఆ వైద్యుడికి వ్యాధి సోకింది. లక్షణాలు మొదలైన తరువాత కూడా ఆయన రోగులను చూశారు, బంధుమిత్రులను కలుసుకున్నారు. ఆగస్టు 22న ఆయన మరణించారు. దీంతో అక్కడ వందలాది మందితో మరో జాబితా సిద్ధం చేయవలసి వచ్చింది.

మరోవైపు ఉప్పునీరు తాగితే, ఉప్పునీటితో స్నానం చేస్తే ఎబోలా సోకదన్న పుకారు ఫోన్ సందేశాల ద్వారా వ్యాపించింది. అతిగా ఉప్పునీరు తాగి కొందరు మరణించినట్లు వార్తలు వచ్చాయి. రేడియో ద్వారాను, ఇంటింటి ప్రచారం ద్వారాను వాస్తవాలను స్థానిక భాషలలో తెలియజేయడం కట్టడిలో భాగమైంది.

చివరి రోగి నుంచి వ్యాధి సోకే అవకాశం ముగిసిన తరువాత 42 రోజులు, అనగా 21 రోజుల గడువుకు రెట్టింపు కాలం, కొత్త కేసు లేకుండా గడిచాకే విముక్తి ప్రకటన వెలువడింది.

మనకు వర్తించే పాఠం

భారతదేశానికి రక్తస్రావ జ్వరాలు కొత్త కాదు. కర్ణాటకలోని క్యాసనూర్ అటవీ వ్యాధి 1957లోనే వెలుగుచూసింది. 2011 జనవరిలో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరాన్ని దేశంలో తొలిసారిగా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. అక్కడ కూడా రోగితో పాటు చికిత్స చేసిన వైద్యుడు, నర్సు ప్రాణాలు కోల్పోయారు. వ్యాధి పేరు తెలిసేలోగా మొదట నష్టపోయేది వైద్య సిబ్బందేనని లాగోస్, గుజరాత్ ఘటనలు రెండూ చెబుతున్నాయి. చేతి తొడుగులు, మాస్కుల వంటి రక్షణ సామగ్రిని రోగ నిర్ధారణ కోసం వేచి ఉండకుండా వాడవలసింది అందుకే.

ఎబోలాకు నేడు టీకా ఉంది. 2015లో గినీలో జరిపిన ప్రయోగంలో అది సమర్థంగా పనిచేసింది. 2019లో ఐరోపా, అమెరికా నియంత్రణ సంస్థల ఆమోదం పొందింది. అయితే వ్యాధి ప్రబలినప్పుడు ఆ టీకాను ప్రధానంగా రోగుల కాంటాక్టులకు, ఆ కాంటాక్టులను కలిసిన వారికి, వైద్య సిబ్బందికి వేస్తారు. టీకా వచ్చినా పేర్ల జాబితా అవసరం తీరలేదు.