వ్యాప్తి (తర్కశాస్త్రం)

ఒక గుర్తుకూ, అది పట్టిచ్చే వస్తువుకూ మధ్య ఎక్కడా తప్పిపోని సంబంధాన్ని భారతీయ తార్కికులు వ్యాప్తి అంటారు. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చడం అనుమాన ప్రమాణం. అందులో కొండ పక్షం, పొగ హేతువు, నిప్పు సాధ్యం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్నది వ్యాప్తి. అది తెలియనివాడికి పొగ వట్టి పొగే, దేనికీ గుర్తు కాదు. అయితే లోకంలోని పొగలన్నిటినీ, ఇంకా పుట్టని పొగలతో సహా, చూసిందెవరు? చూడకుండా ‘ప్రతిచోటా’ అని ఎలా అనగలం? నైయాయికులు, బౌద్ధులు, మీమాంసకులు, చార్వాకులు, వేదాంతులు ఈ ఒక్క ప్రశ్న మీద వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నారు. తర్కశాస్త్రానికి పదును పెట్టింది చాలావరకు ఆ వాదమే.

నైయాయికులకు మూలమైన, గౌతముడి పేర వెలసిన న్యాయసూత్రాల్లో ఈ ప్రశ్న ఇంత సూటిగా లేదు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణం, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాల్లో మూడోదే అప్పట్లో భారమంతా మోసేది. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉంటాయి, చెరువులో రెండూ ఉండవు. ఆ పోలికతో కొండ సంగతి తేలిపోయేది. ఒక్క ఉదాహరణ నుంచి మరో చోటికి దూకడానికి ఏ హక్కు ఉందని గట్టిగా నిలదీసినవారు బౌద్ధులు.

5–6 శతాబ్దాల నాటి దిఙ్నాగుడు మంచి హేతువుకు మూడు షరతులు పెట్టాడు. అది పక్షంలో ఉండాలి, సాధ్యం ఉన్న మరో చోట కనిపించాలి, సాధ్యం లేని చోట కనిపించకూడదు. ఈ మూడో షరతుతోనే అసలు కథ మొదలైంది. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం మీదుగా వెళ్లిన చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్, అక్కడి రాజధాని దగ్గర్లో ఒంటరి కొండ మీద ఒక స్తూపం ఉందనీ, దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాసిన చోటు అదేననీ నమోదు చేశాడు. ఆ రాజధానిని చరిత్రకారులు వేంగిగా గుర్తిస్తారు.

కలిసి కనిపించడం ఒక్కటే చాలదని దిఙ్నాగుడి తర్వాతి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి తేల్చాడు. ఆయన లెక్కలో తప్పని సంబంధాలు రెండే. ఒకటి తాదాత్మ్యం: ఇరుగుడు చెట్టయితే అది చెట్టే కదా. రెండోది తదుత్పత్తి: పొగ నిప్పు నుంచి పుడుతుంది. ఇది అందమైన సిద్ధాంతమే కానీ ఇరుకుది. కృత్తిక ఉదయిస్తే రోహిణి ఉదయం దగ్గరపడిందని చెప్పగలమని మీమాంసకుడైన కుమారిల భట్టు చూపించాడు. కృత్తిక రోహిణికి కారణమూ కాదు, కార్యమూ కాదు, రెండూ ఒకటీ కావు. అయినా ఆ అనుమానం చెల్లుతుంది.

అందరికంటే ఇరుకున పెట్టినవారు చార్వాకులు. వారి సొంత గ్రంథాలు దాదాపు మిగల్లేదు. 14వ శతాబ్దపు మాధవాచార్యుడి సర్వదర్శన సంగ్రహం మొదటి అధ్యాయంలో వారి వాదం ప్రతిపక్షి కలంతో దక్కింది. వ్యాప్తి ప్రత్యక్షంతో తెలియదు, ఎందుకంటే కన్ను ఎదుట ఉన్నదాన్నే చూస్తుంది. అనుమానంతో తెలుస్తుందంటే ఆ అనుమానానికి ఇంకో వ్యాప్తి, దానికి మరో అనుమానం కావాలి. పెద్దల మాట నమ్ముదామంటే ఆ మాటను అర్థం చేసుకోవడానికే అనుమానం కావాలి. మరి పొగ చూసి వెళ్లినవాడికి నిప్పు దొరుకుతోంది కదా అంటే, అది కాకతాళీయమంటాడు చార్వాకుడు. అందరూ ఇంత దూరం పోలేదు. లోకవ్యవహారంలో అనుమానం పనికొస్తుందనీ, కంటికి ఎన్నడూ అందని పరలోకం విషయంలోనే పనికిరాదనీ పురందరుడనే చార్వాకుడు ఒప్పుకున్నాడు. ఇక జయరాశి భట్టు తత్త్వోపప్లవసింహంలో ప్రత్యక్షాన్ని కూడా వదల్లేదు. ఆ గ్రంథపు తాళపత్ర ప్రతి గుజరాత్‌లోని పాటణ్‌లో 1926లో బయటపడింది, 1940లో బరోడాలో అచ్చయింది.

ఈ దెబ్బలు కాచుకోవడానికి నైయాయికులు మెరుగుపెట్టిన ఆయుధం ఉపాధి. పొగను బట్టి నిప్పును చెప్పొచ్చు గానీ, నిప్పును బట్టి పొగను చెప్పలేం. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. మరి నిప్పుతో పాటు పొగ తరచూ ఎందుకు కనిపిస్తోంది? తడి కట్టెలు కలవడం వల్ల. ఆ తడి కట్టెల సంబంధమే ఇక్కడ ఉపాధి: పొగ ఉన్న చోటల్లా అది ఉంటుంది, నిప్పు ఉన్న చోటల్లా ఉండదు. రెండో ఉదాహరణ ఇంకా రుచిగా ఉంటుంది. మిత్ర అనే ఆమె కొడుకులందరూ నల్లగా పుట్టారు, పుట్టబోయేవాడూ ఆమె కొడుకే కనక నల్లగా ఉంటాడని ఒకడంటాడు. కాదు, ఆ నలుపు ఆమె కొడుకైనందుకు కాదు, గర్భంతో ఉన్నప్పుడు ఆకుకూరలు తిన్నందుకు వచ్చిందంటాడు తార్కికుడు. ఈసారి తిండి మారితే రంగూ మారొచ్చు. ఇందులోని వైద్యం నమ్మనక్కర్లేదు. రెండు విషయాలు కలిసి కనిపించినప్పుడు వెనక మూడోది దాగుందేమో వెతకమనే పద్ధతి మాత్రం నేటి ఔషధ పరీక్షలు చేసేవారికీ గణాంక శాస్త్రజ్ఞులకూ కొత్తగా అనిపించదు. దీనికి చార్వాకుడి జవాబు సిద్ధంగానే ఉంది: కనిపించని ఉపాధులేవీ లేవని నీకెలా తెలుసు?

మిథిల నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ సవాలును ఎదురు తిప్పాడు. మరో చోట, మరో కాలంలో నియమం తప్పుతుందేమోనని నువ్వు సందేహిస్తున్నావు. చూడని చోటు, రాని కాలం ఉన్నాయని నీకు చెప్పిందే అనుమానం. సందేహం ఉంటే అనుమానం ఉన్నట్టే, సందేహం లేకపోతే పేచీయే లేదు. పైగా సందేహం అంతులేకుండా సాగదు. సందేహించేవాడి నడతకే అది అడ్డుపడిన చోట, ఆ విరోధం దగ్గరే, ఆగిపోతుంది.

12వ శతాబ్దంలో అద్వైతి శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఉదయనుడి శ్లోకాన్నే తీసుకుని, రెండు మూడు మాటలు మార్చి, దాన్ని ఉదయనుడి మీదికే విసిరాడు. విరోధం ఉందంటే సందేహం ఉన్నట్టే, సందేహం లేనిదే విరోధమెక్కడిది, మరి విరోధం సందేహానికి హద్దు ఎలా అవుతుంది? శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధానికి కర్త కూడా ఈ శ్రీహర్షుడే. దమయంతి స్వయంవరాన్ని అంత సొగసుగా రాసిన చేతికి ఈ కరకుదనం ఉందంటే కావ్యం ఒక్కటే చదివినవారు నమ్మరు. తర్కం పరంగా చూస్తే ఈ విసురులో గెలుపు శ్రీహర్షుడిదేనని ఒప్పుకోవాలి.

14వ శతాబ్దపు నైయాయికుడు గంగేశుడు తత్త్వచింతామణిలో జవాబిస్తూ వాదం నడిచే నేలనే మార్చాడు. నియమాన్ని రుజువు చేయమనకు, సందేహం నిజంగా ఉందో లేదో చూడు అన్నాడు. పొగ కావలసినవాడు నిప్పు రాజేస్తాడు, ఆకలైనవాడు అన్నం తింటాడు, ఎదుటివాడికి తెలియాలనుకున్నవాడు నోరు విప్పుతాడు. పొగకు నిప్పు కారణమో కాదో అని నిజంగా సందేహించేవాడు, దోమలు పోవాలని నిప్పు రాజేయడు. నోటితో పలికిన ప్రతి ‘ఏమో’ సందేహం కాదు. కలిసి ఉండడం చూసి, తప్పిపోవడం చూడకపోతే వ్యాప్తి తెలుస్తుంది. సకారణమైన శంక వస్తే దాన్ని తర్కంతో తీర్చుకోవాలి. ఇది చార్వాకుణ్ణి ఓడించదు. రుజువు చూపే బరువును మాత్రం అతని భుజానికి మారుస్తుంది, ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద అడుగు అదే.

వ్యాప్తికి నిర్వచనం చెప్పడంలోనూ గంగేశుడిది అదే పట్టుదల. వ్యాప్తి పంచకంలో అయిదు నిర్వచనాలు చెప్పి అయిదింటినీ కొట్టేశాడు. ‘సాధ్యం లేని చోట హేతువు ఉండకపోవడం’ అంటే సరిపోదా? ‘తెలియదగినది కనక పేరు పెట్టదగినది’ అన్న అనుమానాన్ని తీసుకోండి. పేరు పెట్టలేని వస్తువే నైయాయికుల లోకంలో లేదు, కనక ‘సాధ్యం లేని చోటు’ అన్న మాటే ఇక్కడ కుదరదు. చివరికి ఆయన ఒప్పుకున్న నిర్వచనం సారం ఇది: హేతువు ఉన్న చోట ఏయే వస్తువులు లేవో లెక్క తీస్తే, ఆ లేనివాటిలో సాధ్యం ఉండకూడదు.

నవ్యన్యాయమనిపించుకున్న ఈ పద్ధతి పరిభాష బెంగాల్‌లోని నవద్వీపంలో రఘునాథ శిరోమణి, జగదీశుడు, గదాధరుడి చేతుల్లో ఎంత చిక్కబడిందంటే, ఒక్క నిర్వచనానికి రాసిన వ్యాఖ్యలు చదవడానికే ఏళ్లు పట్టేవి. తెలుగు నేల మీదా ఈ చదువు సాగింది. కావ్యాలకు వ్యాఖ్యాతగా పేరున్న కోలాచల మల్లినాథ సూరి, వరదరాజు తార్కికరక్షకు నిష్కంటక అనే వ్యాఖ్య రాశాడు. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు పిల్లల కోసం తర్కసంగ్రహం, దానికి తానే దీపిక రాశాడు. న్యాయం చదవబోయేవారు నేటికీ ముందు తెరిచేది ఆ చిన్న పుస్తకాన్నే. పలుమార్లు చూడడం ఒక్కటే వ్యాప్తిని ఇవ్వదనడానికి దీపికలో సంప్రదాయసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. మట్టి జాతి వస్తువులన్నీ ఇనుముతో గీస్తే గీత పడతాయని నూరు చోట్ల చూస్తాం, వజ్రం దగ్గర ఆ నియమం బెడిసికొడుతుంది. తెల్ల హంసలనే చూసినవారికి నల్ల హంస ఎదురైన యూరప్ ఉదాహరణకు ఇది మన జోడీ.

1748లో డేవిడ్ హ్యూమ్ ఇదే ప్రశ్న వేసి, రుజువు లేదు, ఉన్నది అలవాటు మాత్రమే అన్నాడు. మనవాళ్లు హ్యూమ్ కంటే ముందే చెప్పేశారని గొప్పలు పోవడం ఇప్పుడు పరిపాటి. చార్వాకుడి విషయంలో అది నిజానికి దగ్గర, గంగేశుడి విషయంలో కాదు. ఆయన అలవాటు మీద ఆధారపడలేదు. ఒక పొగను చూసినప్పుడే ‘ధూమత్వం’ అనే సామాన్యం ద్వారా పొగలన్నిటితో మనసుకు ఒకరకమైన సంబంధం కలుగుతుందన్నాడు. దీనికే సామాన్యలక్షణ ప్రత్యాసత్తి అని పేరు. రఘునాథుడు దీన్ని తోసిపుచ్చాడు.

యూరప్ పండితులకు న్యాయదర్శనాన్ని పరిచయం చేసిన తొలి వ్యాసాల్లో కోల్‌బ్రుక్ 1824 నాటిది ఒకటి. నవ్యన్యాయాన్ని ఆధునిక తర్కం పక్కన నిలబెట్టి చదివిన పని ఇంగాల్స్ (1951), బిమల్ కృష్ణ మతిలాల్ (1968) పుస్తకాలతో ఊపందుకుంది. ఈలోగా 1955లో నెల్సన్ గుడ్‌మన్ కొత్త చిక్కు తెచ్చాడు. ఫలానా తేదీ దాకా పరీక్షిస్తే ఆకుపచ్చ, లేకుంటే నీలం అన్న అర్థంతో ఒక గుణాన్ని కల్పిస్తే, నేటిదాకా చూసిన పచ్చలన్నీ దానికీ సాక్ష్యమే. సామాన్యాలు లోకంలో నిజంగా ఉన్నాయనేవాడు ఇలాంటి కల్పిత గుణాన్ని గడప దాటనివ్వడు. సామాన్యలక్షణాన్ని వదులుకున్న రఘునాథుడి పక్షాన ఏం చెప్పాలన్నది మాత్రం ఇంకా వాదించవలసిన విషయమే.